పది కుర్చీలు, పద్దెనిమిది ముద్దలు, ముప్పై వేల యెన్‌లు: సుషి కౌంటర్ లెక్కేమిటి?

పోయిన చలికాలం టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో ఒక బిల్లు ఫొటో పెట్టాడు. ఒక్కడు తిన్న రాత్రి భోజనానికి పన్నుతో కలిపి 33,000 యెన్‌లు. మన డబ్బులో పద్దెనిమిది వేల పైమాటే. అందరూ లెక్కలు వేస్తుంటే మా అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "కడుపు నిండిందా నాన్నా?" వాడి జవాబు: "నిండింది అమ్మమ్మా. చిన్న చిన్న ముద్దలు పద్దెనిమిది పెట్టారు. డెబ్బై నిమిషాల్లో అయిపోయింది."

అంటే ముద్దకి వెయ్యి రూపాయలు. పచ్చి చేప ముక్క పెట్టిన అన్నం ముద్దకి అంత ఎందుకన్నది సబబైన సందేహమే. యెన్ విలువ పడిపోయాక జపాన్ వెళ్లే మనవాళ్లు పెరిగారు. "సుషి కౌంటర్‌లో ఇవి చేయకూడదు" అని భయపెట్టే రీల్స్ అంతకంటే పెరిగాయి. దాంతో ఒమకసే, అంటే ఏం పెట్టాలో వంటమనిషికే వదిలేయడం అన్న మాట చాలామంది నోట వినిపిస్తోంది, అసలు ఆ కౌంటర్ వెనక ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

సుషి అంటే చేప అనుకుంటే పొరపాటే

సుషి అన్న మాటకి మూలం పులుపు. తొలి రూపంలో అది చేపని నిల్వ చేసే పద్ధతి. ఉప్పు పట్టించిన చేపని అన్నంలో కప్పి నెలల తరబడి పులియబెట్టేవారు. చివరికి చేప తిని, గుజ్జుగా మారిన అన్నాన్ని పారేసేవారు. బివా సరస్సు ఒడ్డున షిగా ప్రాంతంలో ఫునజుషి పేరుతో ఇప్పటికీ దీన్ని చేస్తారు. వాసన గట్టిగానే ఉంటుంది. మన ఎండుచేపలు అలవాటున్న ముక్కు తట్టుకుంటుందేమో.

తర్వాతి కాలంలో పులియబెట్టే ఓపిక లేక అన్నంలో వెనిగర్ కలపడం మొదలుపెట్టారు. 1820ల్లో ఇప్పటి టోక్యో, అప్పటి ఎడో నగరంలో ఆ పుల్లటి అన్నాన్ని చేత్తో ముద్ద చేసి, పైన చేప ముక్క పెట్టి, అక్కడికక్కడే చేతికివ్వడం వాడుకలోకి వచ్చింది. దాన్నే నిగిరి అంటారు, పిడికిట పట్టి చేసినది అని అర్థం. హనయా యోహెయి అనే ఆయన పేరు దీనికి ముడిపెట్టి చెబుతారు. అప్పట్లో అది బండి మీద అమ్మే చిరుతిండి. పనివాళ్లు నిలబడి రెండు మూడు తిని పోయేవారు. ముద్ద కూడా ఇప్పటిదానికి రెండు మూడింతలు ఉండేది.

ఈ చిన్న సైజు స్థిరపడటం వెనక ఒక ముచ్చటైన కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండి కరువులో, 1947లో హోటళ్ల మీద ఆంక్షలు పెట్టారు. టోక్యో సుషి వాళ్లు ఒక ఉపాయం పన్నారు. మేం భోజనం అమ్మడం లేదు, మీరు తెచ్చిన బియ్యాన్ని సుషిగా మార్చి ఇచ్చి కూలి తీసుకుంటాం అన్నారు. మన ఊళ్లో మర పట్టించినట్టే. ఒక గో, అంటే 180 మిల్లీలీటర్ల బియ్యం తెస్తే పది ముద్దలు. అలా ముద్దకి ఎంత అన్నమన్నది ఊరంతటికీ ఒక కొలతకి వచ్చింది.

అన్నం వేడి ఆరేలోపు

కౌంటర్ వెనక నిలబడే మాస్టర్‌ని ఇతమాయే అంటారు, "పలక ముందుండేవాడు" అని. కస్టమర్లు తైషో అని పిలుస్తారు. ఆయన్ని అడిగితే సుషిలో సగానికి పైగా అన్నమేనంటారు. ఆ అన్నం పేరు షారి. బుద్ధుడి ధాతువులని, అంటే అస్థి అవశేషాలని, చెప్పే "శరీర" అన్న సంస్కృత పదమే చైనా మీదుగా జపాన్ చేరి షారి అయిందని చెబుతారు. తెల్లటి మెతుకులు ధాతువుల ముక్కల్లా కనిపించడం వల్ల ఆ పేరట. మన భట్టిప్రోలు స్తూపంలో దొరికిన కరండం, అంటే ధాతువుల పెట్టె, మీద చెక్కిన మాటా అదే. బాపట్ల జిల్లా స్తూపానికీ టోక్యోలోని గింజా వీధిలో అన్నం గంపకీ ఇంత దగ్గర చుట్టరికం ఉంటుందని నేనైతే అనుకోలేదు.

అన్నాన్ని కాస్త బిరుసుగా వండి, వెడల్పాటి చెక్క తొట్టిలో వేసి, వెనిగర్, ఉప్పు, కొన్ని చోట్ల కాస్త పంచదార కలుపుతారు. ముద్ద చేసే సమయానికి అది ఇంచుమించు ఒంటి వేడిలో ఉండాలి. మరీ వేడైతే చేప కొవ్వు కరిగి జారుతుంది. చల్లారితే మెతుకులు బిగుసుకుంటాయి. ఈ వేడి ఉండేది కొద్దిసేపే. అందుకే ఖరీదైన కౌంటర్లలో చాలాచోట్ల అందరినీ ఒకే సమయానికి, ఆరింటికో ఎనిమిదిన్నరకో కూర్చోబెడతారు. పావుగంట ఆలస్యంగా వెళ్తే తైషో ముఖం మాడ్చుకోవడానికి అహంకారం కారణం కాదు, తొట్టిలో అన్నం చల్లారిపోతోందన్న టెన్షన్.

వెనిగర్ దగ్గర రెండు శిబిరాలున్నాయి. ఒకటి బియ్యపు వెనిగర్, రంగు లేనిది. రెండోది అకజు, అంటే ఎర్ర వెనిగర్. సాకే అనే బియ్యపు మద్యం వడకట్టాక మిగిలిన పిప్పిని ఏళ్లపాటు మాగబెట్టి తీస్తారు. 19వ శతాబ్దంలో ఎడో బండ్ల మీద ఇదే చవగ్గా దొరికేది. యుద్ధం తర్వాత తెల్లన్నం మోజులో వెనకబడి, ఈమధ్య మళ్లీ ఫ్యాషన్ అయింది. కొవ్వు పట్టిన ట్యూనాకి ఆ ఘాటు ఉండాల్సిందేనని ఒక వర్గం. సున్నితమైన తెల్లచేపని అది మింగేస్తుందని రెండో వర్గం. రెండూ నిజమే కాబట్టి కొందరు రెండు రకాల అన్నం పెట్టుకుని చేపని బట్టి మారుస్తారు.

"తాజా" అన్న మాట దగ్గర వచ్చే చిక్కు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పొద్దున పట్టిన చేప రాత్రికి పెడితేనే గొప్ప సుషి అనుకుంటారు. నిజానికి అప్పుడే చచ్చిన చేపకి కండ గట్టిగా ఉంటుంది, రుచి తక్కువ. చనిపోయాక కండలోని శక్తి పదార్థం నెమ్మదిగా విరిగి ఇనోసినిక్ ఆమ్లం తయారవుతుంది. నాలుక మీద నిలిచే ఆ కమ్మదనానికి, జపాన్ వాళ్లు ఉమామి అనేదానికి, అది ముఖ్య కారణం. అందుకే తెల్లచేపని ఒకటి రెండు రోజులు, పెద్ద ట్యూనాని వారం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చల్లగా ఉంచి మాగనిస్తారు. చేపల పులుసు మర్నాటికే రుచి అని మనింట్లో అంటారు కదా. జరిగే రసాయనం వేరు గానీ ఓపికకి దక్కే ఫలితం అలాంటిదే.

ఈ మాగడం కుళ్లిపోవడం కాకుండా ఉండాలంటే పని పట్టిన క్షణం నుంచే మొదలవ్వాలి. ఇకెజిమె అనే పద్ధతిలో చేప మెదడుని ఒక్క పోటుతో నిలిపేసి, రక్తం తీసేసి, వెన్నులోని నాడిని సన్నటి తీగతో తొలగిస్తారు. గిలగిల కొట్టుకోకపోవడంతో కండలో శక్తి ఖర్చయిపోదు, మాగడానికి వ్యవధి దొరుకుతుంది.

ఫ్రిజ్ లేని రోజుల్లో ఎడో వంటవాళ్లు చేప చెడకుండా ఉప్పు పట్టించారు, వెనిగర్‌లో ముంచారు, సోయా సాస్‌లో నానబెట్టారు, ఉడికించారు. ఫ్రిజ్ వచ్చాక వీటి అవసరం పోయింది, రుచి కోసం మిగిలాయి. ఎడోమాయే సుషి అంటే నేటి అర్థంలో ఇదే. అక్కడి వాళ్లు దీన్ని షిగోతో అంటారు, అంటే పని. ఒక ముద్ద మీద ఎంత "పని" ఉందన్నదే కౌంటర్‌కి కౌంటర్‌కి తేడా.

ఆ పని చూడాలంటే ట్యూనా కంటే కొహద అనే చిన్న వెండి చేప మంచి ఉదాహరణ. మార్కెట్లో ఖరీదైనదేమీ కాదు, ముళ్లెక్కువ. చీల్చి, ఉప్పు చల్లి, కడిగి, వెనిగర్‌లో ఉంచుతారు. ఆ రోజు చేప సైజు, కొవ్వు, వాతావరణం బట్టి ఉప్పులో ఎన్ని నిమిషాలు, వెనిగర్‌లో ఎన్ని నిమిషాలు అన్నది మారుతుంది. రుచి ఎరిగినవాళ్లు కొత్త షాపుకి వెళ్తే ముందు దీన్నే గమనిస్తారు. దీనికి సైజు బట్టి పేరు మారుతుంది: పసిది షింకో, కాస్త పెరిగితే కొహద, ఆపైన నకజుమి, పూర్తిగా పెద్దదైతే కొనోషిరో. విడ్డూరంగా పెరిగేకొద్దీ ధర పడిపోతుంది. వేసవిలో మొదట వచ్చే వేలెడంత షింకోకి ఉన్న గిరాకీ పెద్దదానికి లేదు. సముద్రంలో ఇలసగా ఉండి గోదావరి ఎదురెక్కాక పులసగా పేరూ ధరా మార్చుకునే మన చేపకి కొహద దూరపు చుట్టమే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట పుట్టిన చోట, చేప ధరలో సీజన్ వాటా ఎంతో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మాగబెట్టడం హద్దు దాటిందనే విమర్శ కూడా జపాన్‌లో ఉంది. వారాల తరబడి ఉంచి చేప అసలు రుచినే పోగొడుతున్నారని కొందరి అభ్యంతరం. పైగా అన్నిటికీ ఇది పనికిరాదు. ముళ్లబంతిలా ఉండే సముద్రపు అర్చిన్, చిప్పల రకాలు తాజాగానే బావుంటాయి. రొయ్యని చాలామంది వడ్డించడానికి కాస్త ముందే ఉడికిస్తారు.

పురుగుల భయం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అనిసాకిస్ అనే పరాన్నజీవి కొన్ని సముద్రపు చేపల్లో ఉంటుంది. పచ్చిగా తినే చేపని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఉంచమని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి, ట్యూనా లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. జపాన్‌లో ఆ నిబంధన లేదు. కంటితో వెతకడం, ఆ పురుగు ఎక్కువగా ఉండే చేపల్ని గడ్డకట్టించడం మాస్టర్ బాధ్యత.

ఒమకసే: ఎంపిక వదులుకోవడం ఎవరికి లాభం?

ఒమకసే అంటే "మీకే వదిలేశాను". మెనూ ఉండదు, మాస్టర్ ఏది పెడితే అది తినడమే. ఇదే పురాతన పద్ధతి అనుకుంటారు గానీ, ఒకప్పుడు కౌంటర్ దగ్గర కస్టమర్ ఒక్కొక్కటి తనకి నచ్చింది అడిగి తినేవాడు. దాన్ని ఒకొనోమి అంటారు. గోడ మీద చేపల పేర్లు రాసిన చెక్కపలకలు వేలాడేవి. ధర ఉండాల్సిన చోట చాలాసార్లు జికా అని, అంటే ఈరోజు రేటు అని మాత్రమే ఉండేది. బిల్లు వచ్చేదాకా గుండె దడే. ఆ లెక్కన ముందే ధర చెప్పే ఒమకసే కొత్తవాళ్లకి ధైర్యాన్నిచ్చింది. షాపుకి ఇంకా పెద్ద లాభం: ఎనిమిది మందికి ఏమేం పెడతారో పొద్దున మార్కెట్లోనే తెలుసు కాబట్టి అంతే కొంటారు, వృథా తక్కువ.

నష్టపోయింది ఎవరంటే, ఐదే ముద్దలు తిని పోదామనుకునే పక్క వీధి పాత కస్టమర్. తనకి నచ్చిన చేపని మళ్లీ మళ్లీ అడిగే సుఖం అతనికి పోయింది. కొందరు జపాన్ వాళ్లు ఒమకసే మీద విసుక్కునేది ఇందుకే, వాళ్ల బాధలో న్యాయముంది.

ఒమకసేలోనూ తేడాలున్నాయి. కొన్ని చోట్ల ముందు గంటసేపు చిన్న చిన్న వంటకాలు, సాకే, ఆ తర్వాత నిగిరి. గింజాలోని సుకియబాషి జిరో లాంటి చోట్ల నేరుగా నిగిరే. ఇరవై ముద్దలు అరగంటలో పూర్తవుతాయని దానికి పేరు. వరుస సాధారణంగా తేలికపాటి తెల్లచేపతో మొదలై, ట్యూనా మీదుగా సాగి, తియ్యటి సాస్ పూసిన ఆనాగో అనే సముద్రపు పాముచేప, గుడ్డుతో చేసిన తమాగోతో ముగుస్తుంది. ట్యూనాతోనే మొదలుపెట్టి ఈ వరుసని తిరగేసేవాళ్లూ ఉన్నారు.

బిల్లుని విడదీస్తే

ఒక ఊహాలెక్క వేద్దాం. ఎనిమిది కుర్చీలు, రాత్రికి ఒకే బ్యాచ్, మనిషికి 30,000 యెన్‌లు. వసూలు 2,40,000. మామూలు హోటళ్లలో సరుకు ఖర్చు మూడోవంతు లోపు ఉంచుకోవాలని చూస్తారు. ఖరీదైన సుషిలో అది దాటిపోతుంది, 45 శాతం అనుకుందాం. అంటే 1,08,000 చేపకీ బియ్యానికీ పోగా మిగిలేది 1,32,000. ఇందులోంచే సెంట్రల్ టోక్యో అద్దె, శిష్యుల జీతాలు, మాస్టర్ రాబడి.

ఇప్పుడు ఇద్దరు చెప్పకుండా మానేశారనుకోండి. వసూలు 1,80,000కి పడింది. చేప మాత్రం ఎనిమిది మందికీ కొనేశారు, కొన్నిటి మీద మూడు రోజుల కిందటే పని మొదలైంది. మిగిలేది 72,000. నాలుగోవంతు కస్టమర్లు రాకపోతే మిగులు దాదాపు సగం పోయింది. రోజు ముందు రద్దు చేసుకున్నా పూర్తి డబ్బులు పట్టుకునే నియమం చాలా షాపుల్లో ఎందుకుందో ఈ లెక్క చెబుతుంది. వంద కుర్చీల బిర్యానీ హోటల్‌కి ఈ బాధ ఉండదు, రాని ఇద్దరి చోటులో ఇంకో ఇద్దరు కూర్చుంటారు.

కుర్చీలు పెంచితే సరిపోదా అని అడగొచ్చు. ముద్ద చేతికొచ్చిన కొన్ని క్షణాల్లో తినాలి, ప్రతి ముద్దా ఒక్కరి చేతి మీదే రావాలి అన్న షరతు ఉన్నంతకాలం ఒక మనిషి పదిమందికి మించి పెట్టలేడు. ఆ షరతు వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు. 1958లో షిరాయిషి యోషియాకి అనే ఆయన బీరు ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్ట్ చూసి, ఒసాకా పక్కన తిరిగే సుషి షాపు పెట్టాడు. జపాన్‌లో సామాన్యులు సుషి తినేది ఎక్కువగా ఆ బెల్టుల దగ్గరా సూపర్ మార్కెట్లలోనే.

సీటు దొరకకపోవడం, స్టార్లు పోవడం

2014 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామాని ప్రధాని అబే తీసుకెళ్లింది సుకియబాషి జిరోకే. మెట్రో స్టేషన్ పక్కన బేస్‌మెంట్‌లో పది సీట్ల షాపు. 1925లో పుట్టిన ఒనో జిరో పేరు అప్పటికే ప్రపంచానికి తెలుసు. 2007లో హోటళ్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ టోక్యోకి తొలిసారి వచ్చినప్పుడే మూడు స్టార్లు పొందిన ఆ షాపు పేరు 2019 నవంబర్‌లో వచ్చిన గైడ్‌లో లేదు. నాణ్యత పడిపోయిందని పుకార్లొచ్చాయి. అసలు కారణం వేరు. మామూలు జనం నుంచి రిజర్వేషన్లు తీసుకోవడం లేదు కాబట్టి తమ పరిధిలోకి రాదని మిషెలిన్ చెప్పింది. మూడు స్టార్లున్న "సుషి సైతో" అనే షాపు కూడా ఇదే కారణంతో గైడ్ నుంచి తప్పుకుంది.

పాత కస్టమర్లు వెళ్లేటప్పుడే తర్వాతి తేదీ బుక్ చేసుకుంటే కొత్తవాళ్లకి ఖాళీ ఉండదు. ఇది పెద్దల క్లబ్ అయిపోయిందని ఒక విమర్శ. నా లెక్కలోని ఇద్దరు గైర్హాజరుల్ని గుర్తుపెట్టుకుంటే, తెలిసినవాళ్లకే సీటివ్వడంలో షాపు భయం కూడా కనిపిస్తుంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

మర్యాదలు, ఆంక్షలు

రీల్స్‌లో చూపించినంత లేదు. నిగిరి చేత్తో తినొచ్చు, పుల్లలతోనూ తినొచ్చు. ముద్దకి నికిరి అనే సాస్ ముందే పూసి ఇస్తే మళ్లీ సోయాలో ముంచే పని లేదు. అల్లం ముక్కల్ని గారి అంటారు, మన గౌరవవాచకంతో సంబంధం లేదు. అవి ముద్దకీ ముద్దకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి. గట్టి సెంటు మాత్రం నిజంగానే ఇబ్బంది, పక్క కుర్చీ అడుగున్నర దూరంలోనే ఉంటుంది. జపాన్‌లో టిప్పు ఇవ్వరు.

మనవాళ్లకి అసలు చిక్కు శాకాహారం దగ్గర. కూరగాయలతో పెట్టమంటే కుదరదు, ఎందుకంటే సూపులోనూ సాస్‌లోనూ గుడ్డులోనూ ఎండు చేపతో కాచిన దాషి ఉంటుంది. నికిరిలో సాకే, మిరిన్ అనే తియ్యటి మద్యం కాచి కలుపుతారు కాబట్టి, హలాల్ పాటించే హైదరాబాదీలకి కూడా ఇది ముందే తేల్చుకోవాల్సిన విషయం. బుక్ చేసేటప్పుడే అలర్జీలూ తిననివీ అడుగుతారు. కూర్చున్నాక చెబితే మార్చడానికి వంటగదిలో ఇంకేమీ ఉండదు.

పదేళ్లు కావాలా, కొన్ని నెలలు చాలా?

"అన్నం వండటానికి మూడేళ్లు, ముద్ద చేయడానికి ఎనిమిదేళ్లు" అని జపాన్‌లో ఒక నానుడి. శిష్యుడు ఏళ్లపాటు గిన్నెలు కడిగి, చేపలు తోమి, ఆ తర్వాతే కౌంటర్ ముందుకి వస్తాడు. ఇంత కాలం శిష్యరికం చేయడం తెలివితక్కువని 2015లో వ్యాపారవేత్త హోరియే తకఫుమి అనడంతో పెద్ద గొడవే జరిగింది. కొన్ని వారాలు, నెలల్లో సుషి నేర్పే స్కూళ్లు టోక్యోలో అప్పటికే నడుస్తున్నాయి. చేతి ఒడుపు నెలల్లో వచ్చేస్తుందనేది వాళ్ల వాదన. ఈ ఏడాది జనవరి కొహద పోయిన జనవరి కొహదలా ఉండదు, నాలుగైదు చలికాలాలు చూస్తేగానీ చెయ్యి తిరగదనేది పాతవాళ్ల మాట. నాకు రెండోది ఎక్కువ సబబనిపిస్తుంది, గిన్నెలు కడిగిన ఏళ్లని మినహాయిస్తే.

ఆడవాళ్ల చేతులు వెచ్చగా ఉంటాయి, సుషికి పనికిరావని చాలాకాలం అన్నారు. 2010లో టోక్యోలోని అకిహబారాలో అందరూ మహిళలే నడిపే నదేషికో సుషి వచ్చింది.

ట్యూనా వేలంపాట

2019 జనవరి 5న, టోక్యో చేపల మార్కెట్ టోయోసులో జరిగిన తొలి కొత్త సంవత్సరపు వేలంలో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా 33 కోట్ల 36 లక్షల యెన్‌లు పలికింది. కిలో 12 లక్షలు. ఒక ముద్ద మీద 15 గ్రాముల ముక్క అనుకుంటే, తరుగు తీయకుండానే 18,000 యెన్‌లు. కొన్నది సుషి షాపుల గొలుసు యజమాని, ముక్కలు మాత్రం రోజూ అమ్మే ధరకే అమ్మారు. మిగతాది ప్రచారం ఖర్చు. ఆ ధర చూసి కౌంటర్ బిల్లుని అంచనా వేయలేం.

అసలు ప్రశ్న చేప మిగులుతుందా అన్నది. పసిఫిక్ బ్లూఫిన్ ఒక దశలో వేట లేని రోజుల్లో ఉండాల్సిన సంఖ్యలో రెండు శాతం దగ్గరికి పడిపోయింది. దేశాలు కోటాలు బిగించాక, 2022 నాటికి 23 శాతానికి చేరిందని శాస్త్రవేత్తల అంచనా. దాంతో 2024 చివర్లో పెద్ద చేపల కోటా పెంచారు. కోలుకుంది కాబట్టి పట్టుకోవచ్చని మత్స్యకారులు, ఇప్పుడిప్పుడే లేచినదాన్ని తొందరపెట్టొద్దని పర్యావరణవాదులు అంటున్నారు. విచిత్రమేమంటే ఇంత గిరాకీ ఉన్న తోరో, అంటే పొట్ట దగ్గరి కొవ్వు భాగాన్ని, ఎడో కాలంలో పారేసేవాళ్లు.

మళ్లీ నిలబడి తినే చోట్లు

పాత ఎడో బండ్ల దగ్గర తిన్నవాళ్లు వెళ్తూ వెళ్తూ చేతులు గుమ్మం తెరకి తుడుచుకునేవారట. తెర ఎంత మురికిగా ఉంటే షాపు అంత మంచిదని లెక్క. ఇప్పుడు టోక్యోలో నిలబడి తినే సుషి కౌంటర్లు మళ్లీ పెరుగుతున్నాయి. కొన్ని ఖరీదైన షాపులే వీటిని పెట్టి, తమ శిష్యుల్ని అక్కడ నిలబెడుతున్నాయి. పెద్ద కౌంటర్ ముందుకి రావడానికి ఏళ్లు ఆగాల్సిన కుర్రాళ్లు అక్కడ రోజూ వందల ముద్దలు చేస్తున్నారు. చేప చాలావరకు ఆ పెద్ద షాపు కొన్నదే, కుర్చీ ఉండదు, ఒక్కొక్కటి అడిగి తినొచ్చు, ధర పలక మీద రాసుంటుంది. మా మేనల్లుడు ఈసారి ఫొటో పెట్టిన బిల్లు 3,900 యెన్‌లు, తొమ్మిది ముద్దలు. అందులో మూడు కొహదే.